ఏడు గీతల బరువు

నేను ఒక కాటాను. కొట్లో పప్పులు తూచే తక్కెడను కాను. సరుకు లారీని ఎక్కించుకుని, పక్క గదిలోని గుండ్రటి పళ్లెం మీద ముల్లు తిప్పి బరువు చెప్పేదాన్ని. పళ్లెం మీద ఒక్కో గీత పది కిలోలు. నన్ను పోత పోసినవాళ్ళెవరో గుర్తులేదు, ఆ వేడి మాత్రం గుర్తుంది. తర్వాత కాలువ పక్కన గోతిలో దించి పైన ఇనప రేకు మూశారు. అప్పట్నుంచీ మనుషులు నాకు బరువులుగానే తెలుసు.

నన్ను కొన్నది బియ్యం మిల్లు వీరభద్రయ్య. రోజూ మధ్యాహ్నం మిల్లు కూత వినగానే వచ్చి నా నడిమధ్య నిలబడేవాడు. ముల్లు సరిగ్గా ఏడు గీతలు కదలాలి.

"ఈ కాటాకి నేనే పడికట్టు రాయిని" అనేవాడు.

"అయితే మీరు చిక్కిపోతే మిల్లు మునిగిపోద్దండి" అనేవాడు కాటా గుమాస్తా అప్పలస్వామి.

కూతురు మందాకినికి పక్కనే తవుడు నూనె మిల్లు పెట్టించాడు. బియ్యం మిల్లు కొడుకు శేషగిరికి ఇచ్చాడు. అక్కా తమ్ముడూ విడిపోకూడదని అందులోనూ కూతురికి పావలా వాటా ఉంచాడు. కాగితాల మీద అవి రెండు కంపెనీలు. తవుడు ట్రాక్టరు ఆ మిల్లు నుంచి ఈ మిల్లుకి రావాలంటే మాత్రం నా మీదుగా రావలసిందే.

మొదటి ట్రాక్టరు నా మీద ఎక్కగానే అప్పలస్వామి కలం తీశాడు. వీరభద్రయ్య పుస్తకం మూసేశాడు.

"అక్కకీ తమ్ముడికీ మధ్య తూకమేంటయ్యా. తూచి రాసినచోట బంధం తెగిపోద్ది."

అలా పదకొండేళ్ళు. ప్రతి బరువూ నాకు తెలుసు. ఒక్కటీ రాయలేదు.

వీరభద్రయ్య పోయినప్పుడు ఆసుపత్రి నుంచి వ్యాను నా మీదుగానే వచ్చింది. మనిషి బాగా తగ్గిపోయాడు. పదకొండో రోజు కర్మ అయ్యాక మళ్ళీ మిల్లు నడిచింది, మధ్యాహ్నం కూత కూసింది. నా మీద ఎవరూ లేరు. ముల్లు ఏడు గీతలు కదిలి, కాసేపు ఆగి, వెనక్కి వచ్చింది. అప్పలస్వామి చూశాడు. చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి నడిచాడు. ఆ తర్వాత రోజూ ఆ వేళకి టీకి వెళ్ళడం అలవాటు చేసుకున్నాడు.

ఆ మరుసటేడు శేషగిరికి కొత్త బాయిలరు కావలసివచ్చింది. రాబోయే తవుడు కోసమని మందాకిని తన కంపెనీ నుంచి నలభై లక్షలు ముందుగా ఇచ్చింది. రెండేళ్ళలో తవుడు రూపంలో దాదాపు అంతా చెల్లిపోయింది. మాట మీదే చెల్లింది.

ఒకనాడు ఆదాయపు పన్ను ఆఫీసరు వచ్చాడు. మెత్తటి మనిషి. నా రేకు మీదే నిలబడి చెప్పాడు.

"సరుకు కోసం ఇచ్చిన అడ్వాన్సయితే ఇబ్బంది లేదమ్మా. సరుకు వచ్చినట్టు రుజువు కావాలి. లేకపోతే అది అప్పు. లాభాలున్న సొంతింటి కంపెనీ, మీకు పావలా వాటా ఉన్న ఇంకో కంపెనీకి అప్పిస్తే, ఆ లాభం మీరే పంచుకు తీసుకున్నట్టు చట్టం లెక్క. పన్ను మీరు కట్టాలి."

"ఇచ్చినదాన్ని నేనైతే, పుచ్చుకున్నట్టెలా అవుద్దండీ?"

"అవుద్దమ్మా."

కట్టాలంటే ఆమె మిల్లు అమ్ముకోవాలి. ఆమెకి నేను గుర్తొచ్చాను.

"ఈ రోజు ట్రాక్టరు తూచండి. రోజుకింత అని లెక్క కట్టుకోండి."

ఆయన ఆలోచించి సరేనన్నాడు. ముందు కాటా సరిగ్గా ఉందో లేదో చూడాలన్నాడు. "నేను ఎనభై కిలోలు. అందరూ దిగండి."

అందరూ దిగారు. అప్పుడే కూత కూసింది.

పదిహేను గీతలు.

ఆఫీసరు కిటికీలోంచి పళ్లెం చూశాడు. దిగాడు. ఖాళీ రేకు మీద ముల్లు ఇంకా ఏడు దగ్గరే ఉంది. చేతిరుమాలుతో మెడ తుడుచుకుని, "ఈ కాటా లెక్క నేను తీసుకోలేనమ్మా" అన్నాడు. వీరభద్రయ్య కూతుర్ని కాపాడాలని వచ్చాడో, అలవాటుగా వచ్చాడో, ఆ పెద్దాయన్ని అడిగేదెలా?

"పోనీ, తవుడు పంపానని మీ తమ్ముడుగారు రాసివ్వగలరా?"

పక్కనే ఉన్న శేషగిరి తల వంచుకున్నాడు. "ఇన్నేళ్ళు బిల్లు లేకుండా అమ్మావని నన్ను పట్టుకుంటారక్కా. పిల్లలున్నారు నాకు."

"ఉన్నారు కదరా" అంది మందాకిని.

నూనె మిల్లు అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళు నా పక్కనే గోడ లేపారు. నేను పనికిరానన్నారు గనుక నన్ను ఆమెకే వదిలేశారు. నన్ను తవ్వి తీసే రోజున, మధ్యాహ్నం కూత వేళకి ఆమె వచ్చి నా మీద నిలబడింది. ఆమె ఆరు గీతలు. ముల్లు పదమూడు చూపించింది. కిటికీలోంచి చాలాసేపు చూసింది.

"ఒక్క ముక్క రాయనివ్వాల్సింది నాన్నా" అంది.

పాత ఇనుము కొట్టులో నన్ను ఇంకో కాటా ఎక్కించారు. నా సొంత బరువు నా ఒంటి మీదే పోత పోసి ఉంది, నాలుగు వేల రెండు వందల కిలోలు. అక్కడ నాలుగు వేల రెండు వందల డెబ్బై వచ్చింది.

"తుప్పు పట్టి తరగాలిగానీ పెరగడమేంటి" అని కొట్టతను మళ్ళీ తూచాడు. అంతే వచ్చింది. "సరే, మీ అదృష్టం. పేరు చెప్పండమ్మా."

ఆమె పేరు చెప్పింది. అతను తూచినదంతా చీటీ మీద రాసి చేతికిచ్చాడు. ఆమె అంకె చదివింది, ఒకసారి నావైపు చూసింది, చీటీని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం దూరంగా ఏదో మిల్లు కూత వినిపించింది. నా మీద ఎవరూ నిలబడలేదు.