సీటులో కూర్చునే మనిషి

కుడి తలుపు పై అంచు వెంట అతను చూపుడువేలి వెనకభాగాన్ని ఆనించి మెల్లగా జరిపాడు. రేకు ఎత్తుపల్లాలు వేలి కొనకన్నా వేలి వెనక చర్మానికే బాగా తెలుస్తాయి. తలుపు ముగిసి, వెనక చక్రం మీది రేకు రెక్క మొదలయ్యే చోట వేలు ఆగింది. అక్కడ రంగు లేచిపోయి, చేత్తో కొట్టి మలిచిన అల్యూమినియం గోరంత మేర తెల్లగా బయటపడి ఉంది. తెరిచిన ప్రతిసారీ తలుపు రెక్కను ఒరుసుకున్నదన్నమాట.

"ఇది మూడోది మేస్త్రీ," అన్నాడు వెనక నిలబడ్డ సూపర్‌వైజరు. "కొన్నవాళ్ళు మర్యాదస్తులు కాబట్టి కారు తిప్పి పంపారు. ఇంకొకళ్ళయితే ఆ తలుపు ఊడబీకి మన మొహాన కొట్టేవాళ్ళు. ఏమైంది నీ చేతికి?"

"చూస్తాను సార్."

"చూడు. సాయంత్రానికల్లా సంగతేమిటో నాకు తెలియాలి."

షెడ్డులో అందరూ అతన్ని సందులాయన అంటారు. పైకప్పు లేని ఆ రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లను అక్కడ ఏడాదికి వేళ్ళమీద లెక్కించదగినన్ని మాత్రమే కడతారు. తలుపుకూ రెక్కకూ, బానెట్‌కూ మడ్‌గార్డుకూ మధ్య సందు ఈ కొసనుంచి ఆ కొసదాకా ఒకే వెడల్పున సాగేలా సర్దడం అతని పని. కీళ్ళ వెనక పలచని రేకు బిళ్ళలు పెట్టడం, తీయడం, మరలు వదులు చేయడం, బిగించడం, తలుపు తెరవడం, మూయడం. ఇందులోనే తల నెరిసింది. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళు ఎత్తి ఎత్తి మానేశారు. ఉండేది అక్క ఇంటి మేడమీద ఒక గదిలో. ఆ గది కిటికీ రెక్కలు మాత్రం చప్పుడన్నది లేకుండా మూతపడతాయి.

ఖాళీ కారుకు సందులు సరిచేసి లాభం లేదు. పైకప్పు లేని చట్రం మనిషి కూర్చోగానే నడుము దగ్గర వెంట్రుకవాసి కుంగుతుంది. తలుపు సందు పైభాగాన బిగుస్తుంది. అందువల్ల చివరి సర్దుబాటు ఎవరినైనా సీటులో కూర్చోబెట్టే చేయాలి. ఆ కూర్చునేది ఎప్పుడూ బావే. అక్క భర్త, అదే షెడ్డులో సీట్లకు తోలు కుడతాడు. కుదిమట్టమైన, నిండైన మనిషి. "నేను కుట్టిన సీటులో నాకంటే ముందు కూర్చునే మగాడెవడ్రా?" అంటూ దర్జాగా కాళ్ళు చాపేవాడు.

"బావా, ఒకసారి రా."

బావ నీలం పనికోటు బొత్తాలు పెట్టుకుంటూ వచ్చి, తలుపు మీద చెయ్యి ఆనకుండా జాగ్రత్తగా సీటులోకి దిగాడు. అతను సందును చూశాడు. అది కదిలీ కదలనట్టు ఉండిపోయింది.

"లేచి మళ్ళీ కూర్చో."

"ఇన్నేళ్ళొచ్చాక కూర్చోవడం కూడా నీ దగ్గర నేర్చుకోవాలా?"

లేచి కూర్చున్నాడు. మళ్ళీ అంతే. తిరిగొచ్చిన కార్లను మొదట సర్దేటప్పుడూ ఇలాగే జరిగింది. చట్రానికి వాడిన కొత్త గొట్టాలు గట్టివి కాబోలు, కుంగడం లేదనుకుని ఆ కొలతకే తలుపులు బిగించి పంపాడు. గొట్టాలను అనుమానించాడు, కీళ్ళను అనుమానించాడు. కూర్చున్న మనిషిని అనుమానించవచ్చునన్న ఊహే రాలేదు.

బావ సర్దుకుని కూర్చోబోతుంటే కోటు జేబులో ఏదో గలగలమంది. అతను వంగి జేబు తడిమాడు. ఇనుము. సీటు పట్టాల తెగిన ముక్కలు, పాత మరలు, విరిగిన బకిళ్ళు. రెండో జేబులోనూ అవే. కోటు అంచు పట్టుకుని లోపలివైపు తిప్పి చూశాడు. పక్క కుట్టుకు లోపల మరో కుట్టు, దానికి లోపల ఇంకొకటి, గీత గీసినట్టు వరసగా. ఒళ్ళు తగ్గినకొద్దీ బావ తన బట్టలను తానే లోపలికి కుట్టుకుంటూ వచ్చాడు. బట్టకూ ఒంటికీ మధ్య సందు కనబడనివ్వలేదు. కాగితం మందం తేడాను పట్టే కన్ను, రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తినే మనిషి ఇంతగా తరిగిపోవడాన్ని పట్టలేకపోయింది.

"డాక్టరుకి చూపించావా?"

"చూపించాను. కడుపులో ఉందట. కోసినా లాభం లేదన్నాడు. మంచివాడేరా, కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ చెప్పాడు." బావ స్టీరింగు మీద చేతులు వేశాడు. "ఆ కుర్చీ కుట్టు మాత్రం దరిద్రంగా ఉంది."

అతనికి నవ్వు రాలేదు. "అక్కకి?"

"చెప్పలేదు. చెప్పిన క్షణంనుంచి ఏడుపే. కుదిరినన్నాళ్ళు నన్ను తిట్టుకోనీ దాన్ని. నువ్వు నోరు జారావంటే ఊరుకోను."

షెడ్డు మూల ఇసుక సంచులున్నాయి. బావను దింపి వాటిని సీటులో వేస్తే తలుపు కుదురుతుంది, సూపర్‌వైజరుకు జవాబూ దొరుకుతుంది. కాని అక్క పనిచేసేది షెడ్డు క్యాంటీన్‌లోనే, కాసేపట్లో టీ తెచ్చేది ఆమే. బావ చోట సంచులు కనబడితే ఎందుకని అడుగుతుంది. అడిగి ఊరుకోదు.

అతను ఒక సంచి మోసుకొచ్చి బావ కాళ్ళ దగ్గర పెట్టి, పైన గుడ్డ కప్పాడు.

"దొంగ తూకమన్నమాట," అన్నాడు బావ.

"కాళ్ళు కదపకు."

సందు పైభాగాన బిగిసింది, పూర్వం బిగిసినంతగా. కీలు వెనకనుంచి ఒక బిళ్ళ లాగేశాడు. మర తిప్పుతుంటే పానా రెండుసార్లు జారింది. తలుపు మూశాడు. అది రెక్క పక్కన చక్కగా ఒదిగింది. దాన్నలా చూస్తూ నిలబడ్డాడు. తరువాత చేయవలసిన పని ఏదీ తోచలేదు.

"అబ్బో, దొరగారు షికారుకి బయల్దేరారా?" అంటూ అక్క టీ గ్లాసులు దించింది. "ఇంత ఉక్కలో ఆ కోటేమిటండీ, ఉడికిపోతారు!"

"కోటు లేకపోతే కారున్నవాణ్ణని ఎవరు నమ్ముతారే?"

"ముందు ఇంటికొచ్చి వంటింటి కొళాయి బిగించండి, కారున్నవారూ. వారం నుంచి కారుతూనే ఉంది." తమ్ముడివైపు తిరిగింది. "నీకేమైందిరా, మొహం అలా వేలాడేశావు?"

"ఏం లేదక్కా. తలుపు కుదరట్లేదు."

"కుదురుతుందిలే. నీ చేతిలో కుదరనిదేముంది?"

అతను టీ గ్లాసు అందుకున్నాడు. చల్లారిపోయేదాకా పట్టుకునే ఉన్నాడు.

సాయంత్రం సూపర్‌వైజరుతో, "కీలు దగ్గర పొరపాటు పడ్డాను సార్," అన్నాడు. ఆయన కోప్పడలేదు. "వయసు మీద పడుతోంది మేస్త్రీ," అని జాలిగా భుజం తట్టాడు. ఆ రాత్రి భోజనాలకు ముందు బావ కొళాయి బిగించాడు. పక్కన దీపం పట్టుకున్నది అతనే.

ఆ కారు మళ్ళీ తిరిగి రాలేదు. దాని తరువాతి కారుకూ బావే కూర్చున్నాడు, కాళ్ళ కింద ఇంకో సంచి అదనంగా. అక్క తిట్లు చివరి వారందాకా సాగాయి. ఆ తరువాతి కారుకు రంగు ఆరకముందే బావ పోయాడు.

ఇప్పుడు సీటులో సంచులే కూర్చుంటున్నాయి. కోటు అతని పనిబల్ల పక్కన మేకుకు వేలాడుతోంది. జేబులు ఖాళీ చేయలేదు. ఎడమ జేబులో ఇనుము ఎక్కువైనట్టుంది. ఆ వైపు అంచు కుడి అంచుకన్నా రెండు వేళ్ళు కిందికి దిగి ఉంది.