కార్డు వెనకవైపు

ఆ ఉదయం ప్రూఫులు దిద్దమని నా బల్ల మీద పెట్టిన పుస్తకం, ఏడాది కిందట చనిపోయిన మా అక్క కల్పించిన భాషకు నిఘంటువు. మొదటి పేజీలో రచయిత పేరు మాత్రం మా బావది.

రెండు పేజీలు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. తప్పు కళ్ళజోడుది కాదు. ‘గొడుగు: కరిచేవాటి తరగతి.’ ‘ముక్కాలిపీట: వదిలేసేవాటి తరగతి.’ ఇలాంటి నిఘంటువు ఒక్కటే ఉండేది. అక్క బీరువాలో, పద్నాలుగు సొరుగుల్లో, కార్డుల మీద.

ఎవరైనా వస్తువు ఏమిటో చూసి దాన్ని ఒక వర్గంలో వేస్తారు. అక్క మాత్రం అది మనకేం చేసిందో చూసి వేసేది. నీడనిచ్చేవి, కరిచేవి, ఎదురుచూసేవి, వదిలేసేవి. నాకు పదేళ్ళు, తనకు పద్నాలుగు ఉన్నప్పుడు మొదలైన పిచ్చి అది. కార్డు ముందువైపు మాట, అర్థం, తరగతి. వెనకవైపు కారణం. ఒకరు ముందువైపు రాస్తే రెండో వాళ్ళు ఒప్పుకోవాలి. ముఖాముఖి కూర్చుని ఒప్పుకున్నాకే వెనకవైపు నింపాలి. పెళ్ళయ్యాక కూడా అక్క కొత్త కార్డులు నాకు పోస్టులో పంపేది. నేను వెళ్ళినప్పుడు జుట్టూ జుట్టూ పట్టుకున్నంత పని చేసి మరీ కారణాలు రాసేవాళ్ళం.

అక్క పోయిన వారానికి కార్డులు అడిగాను.

“చూస్తే ఏడుపొస్తోందమ్మా. చిత్తుకాగితాలవాడికి వేసేశాను” అన్నాడు బావ. పాపమనుకుని ఆయన్ని ఓదార్చి మరీ వచ్చాను.

నా దగ్గర మిగిలింది ఒక్క కార్డు, అక్క చివరిసారి పోస్టులో పంపింది. దాని మీద మాట ‘మొగుడు’. పదకొండేళ్ళుగా నీడనిచ్చేవాటిలో ఉన్న ఆ మాటను అక్క వదిలేసేవాటిలోకి మార్చింది. వెనకవైపు ఖాళీ. ఏదో చిన్న గొడవ పడి ఉంటారు, ఆదివారం వెళ్ళి నాలుగు చీవాట్లు పెడదామనుకున్నాను. శనివారమే ఫోనొచ్చింది. ఉబ్బసం ఎక్కువై ఊపిరందలేదన్నారు.

బావ పుస్తకంలో మాత్రం మొగుడు ఇంకా చల్లగా నీడలోనే ఉన్నాడు.

పుస్తకం ఆపిస్తే నా కడుపుమంట చల్లారదు. మొదటి పేజీలోకి అక్క పేరు రావాలి, అదీ బావ నోటితోనే రావాలి. నేను ఈ ప్రెస్సులో చేరి మూడు నెలలే అయింది కాబట్టి ఆయనకు సంగతి తెలియదు. ఎర్ర పెన్ను తీశాను. అరవై ఒక్క మాటల పక్కన ‘ఎందుకు?’ అని రాశాను.

ప్రెస్సు ఓనరు కాగితాలు చూసి తల పట్టుకున్నాడు. ఒక్క తప్పూ వదలనని ఆయన నాకు పెట్టిన పేరు జల్లెడ. “ఏమ్మా జల్లెడా, ఇది పుస్తకమా, పోలీసు స్టేషనా?”

“జవాబు లేని ప్రశ్న ఉన్న పేజీ మిషనెక్కదని బోర్డు రాయించింది మీరే కదండీ.”

“రాయించాను. నా ఖర్మ.”

గురువారం పదకొండు గంటలకు బావ వచ్చాడు. వెంట సీరియల్ తీస్తున్న నిర్మాత కూడా ఉంది. ఆ సీరియల్లో కొండజాతివాళ్ళు మాట్లాడేది ఈ భాషే. నన్ను చూడగానే బావ మొహంలో నవ్వు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అతుక్కుంది.

“ఓహో, మరదలా! ఇక్కడ చేరావా? చెప్పనే లేదు.”

“మీరు మాత్రం పుస్తకం సంగతి చెప్పారా? కూర్చోండి బావా. గొడుగు ఎందుకు కరుస్తుంది?”

“అదా... ఊచలు పళ్ళలా ఉంటాయి కదా.”

“భలే ఉందండీ!” అంది నిర్మాత.

నా ఎడమచేతి చూపుడువేలు బల్ల మీద పెట్టాను. గోరు ఇప్పటికీ వంకరే. “చిన్నప్పుడు మా గొడుగు స్ప్రింగులో పడి నలిగింది. ముక్కాలిపీట ఎవర్ని వదిలేసింది?”

“ఎవర్నని ఏముందమ్మా, ఎక్కినవాళ్ళని.”

“మా అక్కని. చక్కెర డబ్బా అందుకోబోయి పడింది. గడ్డం కింద మూడు కుట్లు. పదకొండేళ్ళు కాపురం చేశారు, ఆ మచ్చ ఒక్కసారీ కనిపించలేదా?”

బావ నిర్మాత వైపు తిరిగాడు. “మరదలు కదండీ, వరసకి సరసాలాడుతోంది.”

“సరసాలకి నాకు వయసు దాటింది. మీకు ఎప్పుడో దాటింది. తాళంచెవి ఎదురుచూసేవాటిలో ఎందుకుంది?”

బావ ప్రూఫు కాగితాలు దగ్గరికి లాక్కుని తిరగేశాడు.

“చెప్పండి సార్,” అన్నాడు ఓనరు. “నాకూ తెలుసుకోవాలనే ఉంది.”

నిర్మాత మొహంలో నవ్వు పోయింది. కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది.

“ఆయనకి తెలీదండీ. కారణాలన్నీ కార్డుల వెనక ఉంటాయి. ఈయన ముందువైపు మాత్రమే ఎక్కించుకున్నాడు. తిప్పి చూడాలని తోచలేదు.”

అప్పుడు బ్యాగులోంచి ఆ కార్డు తీసి బల్ల మీద పెట్టాను, ముందువైపు పైకి ఉండేలా. “ఇది చిత్తుకాగితాలవాడికి అందనిది. అక్క పోయే ముందు బుధవారం నాకు పోస్టు చేసింది. చదవండి బావా.”

ఆయన వంగి చూశాడు. అక్క అక్షరాలు గుర్తుపట్టాడు. “మొగుడు,” అన్నాడు.

“వదిలేసేవి,” ఓనరు చదివాడు.

బావ చెయ్యి కార్డు కోసం ముందుకొచ్చింది. దాని మీద నా అరచెయ్యి వేశాను. ఆ కార్డు అవతలి వైపు తెల్లకాగితం తప్ప ఏమీ లేదని ఆ గదిలో తెలిసింది నాకొక్కదానికే.

“వెనకవైపు సంగతి మీరు చెబుతారా, తిప్పమంటారా?”

కార్డు మీది నుంచి కళ్ళు తీయకుండా, ఎవరితో చెబుతున్నాడో తెలియనట్టు మొదలుపెట్టాడు.

“తిప్పొద్దు. మంగళవారం సంగతి రాసి ఉంటుంది. సీరియల్ వాళ్ళకి నెలలో భాష కావాలి. అడిగితే ఇవ్వనంది, అది మా అక్కాచెల్లెళ్ళదని. ఆ భాషలో ఒక్క మాట నాది కాదు, అంతా తనదే. మంగళవారం పిలిచింది, ఆయాసంగా ఉందని. నేను పక్కగదిలో కార్డులకి ఫొటోలు తీసుకుంటున్నా. ‘వస్తున్నా’ అన్నా. వెళ్ళలేదు. గోడ పట్టుకుని తనే వచ్చి మందు తీసుకుంది. నా చేతిలో కార్డులు చూసింది. ఒక్క మాట అనలేదు. శనివారం మళ్ళీ పిలిచింది. అప్పటికి మూడు సొరుగులు మిగిలాయి. మంగళవారం ఏం కాలేదు కదా, ఈసారీ ఏం కాదనుకున్నా. నాలుగైదు సార్లు పిలిచింది. తర్వాత పిలవలేదు. నిద్రపట్టిందిలే అనుకుని, ఇంకో సొరుగు తీశాను.”