దాణా కంటే ముందు పోసిన నలుగుపిండి

సుబ్బరావమ్మ నోరు మంచిది కాదని దర్శి చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు. ఆమె నలుగుపిండి మంచిదని కూడా ఆ ఊళ్ళకే తెలుసు. ఆ పిండి కోసం ఈ నోరు భరించేవాళ్ళు జనం, ఏం చేస్తారు మరి! ఏ ఇంట్లో పిల్లని పెళ్ళికూతుర్ని చేసినా పిండి ఆమెదే. పెసలు దోరగా వేయించి, కాసిని బియ్యం, కచ్చూరాలు, ఎండబెట్టిన కమలా తొక్కలు, గులాబీ రేకులు, కస్తూరి పసుపు కలిపి మర పట్టించి, పల్చటి గుడ్డలో జల్లించి ఇచ్చేది. పెరుగులో కలిపి మొహానికి పట్టించి, ఆరీ ఆరకముందే వేళ్ళతో నలిపి రుద్దితే చచ్చిన తోలంతా ఉండలుండలుగా రాలిపోవాల్సిందే. "పార్లర్లో వాళ్ళు ట్యూబుల్లోంచి పిండేదంతా నా గిన్నెలో ఉందే" అని ఎదుటివాళ్ళు అడక్కపోయినా చెప్పేది.

ఈసారి పెళ్ళికూతురు శ్రీదివ్య. పరాయి పిల్ల కాదు, తోటికోడలు జ్యోతిర్మయి కూతురు. ఒకే వాకిలి, మధ్యలో నడుమెత్తు గోడ. బోరు నీళ్ళ వంతుల దగ్గర అన్నదమ్ములు కొట్టుకుని వేరుపడ్డప్పుడు లేచిన గోడ అది. అన్నదమ్ములకేం, సిగ్గూ శరం లేకుండా మళ్ళీ కలిసిపోయారు, ఒకే బండెక్కి గుంటూరు మిర్చి యార్డుకి పోతున్నారు. కలవంది ఆడవాళ్ళే. జ్యోతిర్మయి గోడ మీద ఉతికిన గుడ్డలు ఆరేస్తే, సుబ్బరావమ్మ వాటి పక్కనే పిడకలు కొట్టేది. సుబ్బరావమ్మ చేపల పులుసు పెడితే, జ్యోతిర్మయి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వీధిలో నిలబడేది. ఒకళ్ళ పేరు ఇంకొకళ్ళు ఎత్తరు. ఈమెకి ఆమె "అది", ఆమెకి ఈమె "అది".

అంత పగలోనూ శ్రీదివ్య మాత్రం గోడకి అటూ ఇటూ తిరిగేది. జ్యోతిర్మయికి టైఫాయిడ్ వచ్చి మంచాన పడ్డప్పుడు ఆ పిల్లని చంకనేసుకుని పెంచింది సుబ్బరావమ్మే. కొడుకులే గాని కూతుళ్ళు లేని మనిషి. పెళ్ళికూతుర్ని చేసే రోజు పిల్లకి తొలి నలుగు తన చేత్తో పెట్టాలని ఆమె ఆశ. ఆశ అంటే చిన్న మాట, ఆమె ప్రాణం దాని మీదే ఉంది. "మా పెద్దమ్మ పెట్టాకే ఎవరైనా" అని శ్రీదివ్య తల్లి మొహం మీదే చెప్పేసింది. జ్యోతిర్మయి పళ్ళు నూరింది గాని కాదనలేకపోయింది.

పెళ్ళి వారంలోకి వచ్చింది. ఫోన్లో ఎవరో చెప్పారని శ్రీదివ్య పంచదారలో నిమ్మకాయ పిండుకుని మొహం బరబరా రుద్దేసుకుంది. బుగ్గలు రెండూ చెక్కుకుపోయాయి.

"మొహం అనుకున్నావా, మాడిన గిన్నె అనుకున్నావా?" గోడ ఇవతల్నుంచి కేకేసింది సుబ్బరావమ్మ. "మీ అమ్మకి కళ్ళు లేవా, చూస్తా కూర్చుందా? రేపు నా పిండి ఇస్తా. దాంతో మెత్తగా రుద్దుకో. పెళ్ళినాటికి మొహం వెన్నలా ఉంటది."

తెల్లారి పెసలూ అవీ స్టీలు క్యానులో పోసుకుని బాజీ మర దగ్గరికి పోయింది. మిరప కళ్ళాల రోజులు. ఊరు ఊరంతా తుమ్ముతోంది. బాజీ అప్పుడే ఎవరిదో కారం పట్టి, ముక్కుకి కట్టుకున్న తువ్వాలు విప్పుతున్నాడు. ఒక్కటే మర, కారానికీ అదే, పిండికీ అదే. అందుకని బాజీ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. కారం దిగాక మనుషుల పిండి పొయ్యడు. ముందు గొడ్ల దాణా పోస్తాడు. రాళ్ళలో ఇరుక్కున్న కారమంతా దాణా లాక్కుపోతుంది, ఆ తర్వాతే పిండి. ఆ ఊళ్ళో పుట్టిన పిల్లకాయలకి కూడా తెలిసిన సంగతే.

ఆ పూట మర ముందు ఒక్కటే బస్తా ఉంది. గేదె దాణాకి తెచ్చిన జొన్నలు. మనిషి లేదు, బస్తా వంతులో పెట్టి కొట్టుకి పోయినట్టుంది.

"ఎవరిదిరా ఇది?" అంది సుబ్బరావమ్మ.

"జ్యోతిర్మయమ్మగారిదండి. ఇది పోసేస్తే మర శుభ్రమైపోద్ది, వెంటనే మీది పోస్తా."

అంతే. ఆ పేరు వినగానే ఒంటి మీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టయింది ఆమెకి. "దాని గేదె మేత అయిందాకా నేను నిలబడాలా? ముందు నాది పొయ్యి."

"అమ్మా, ఇప్పుడే కారం దిగింది. మీరు మొహానికి రుద్దే పిండంటున్నారు..."

"నా పిండి సంగతి నాకు చెబుతావురా? నువ్వు నిక్కర్లేసుకోని రోజుల్నించీ చేస్తున్నా. గుప్పెడు బియ్యం పోసి తిప్పు, పోద్ది." అని ఆ బస్తాని కాలితో ఓ తాపు తన్ని పక్కకి నెట్టింది. బస్తాతో పోట్లాడే ఆడమనిషిని బాజీ ఎక్కడా చూసి ఉండడు. గుప్పెడు బియ్యం తిప్పి, ఆమె పిండి పట్టి ఇచ్చాడు. వీధి మలుపులో జ్యోతిర్మయి ఎదురైతే క్యాను ఊపుకుంటూ పోయింది సుబ్బరావమ్మ, రాజ్యం గెలిచినట్టు.

ఇంటికొచ్చి జల్లించింది. అలవాటు ప్రకారం చిటికెడు మణికట్టు మీద రుద్ది చూసింది. ఏమీ తెలియలేదు. ఎట్టా తెలుస్తది? కళ్ళం మొదలైన కాణ్ణించీ మిరపకాయల తొడిమలు తీసీ తీసీ ఆ చేతులు మొద్దుబారిపోయాయి. వాసన చూసింది. ఘాటుగానే ఉంది, కానీ ఆ రోజుల్లో ఘాటు లేనిదేది, తాగే కాఫీ కూడా ఘాటే. గిన్నెలో పెరుగు కలిపి గోడ మీద పెట్టి, "శ్రీదివ్యా, తీసుకో!" అని కేకేసి వంటింట్లోకి పోయింది.

పొయ్యి మీద ఎసరు మరగలేదు, గోడ అవతల కేక లేచింది. కేక కాదది, గావుకేక.

సుబ్బరావమ్మ గరిటెతో సహా పరిగెత్తింది. శ్రీదివ్య నూతి గట్టు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చెంబులకి చెంబులు నీళ్ళు మొహాన కొట్టుకుంటోంది. నీళ్ళకి కారం పోద్దా? ఇంకా పాకుతుంది. అసలే పంచదారకి చెక్కుకుపోయిన తోలు, గోరుచుట్టు మీద రోకటిపోటు. మొహమంతా కందిపోయి, కళ్ళు మూసుకుపోయాయి.

"ఓసి నీ చేతులు పడిపోను!" జ్యోతిర్మయి గిన్నె పట్టుకుని గోడ దగ్గరికి దూసుకొచ్చింది. "నా మీద కసి నా పిల్ల మొహం మీద తీర్చుకుంటావా? పిండిలో కారం కలుపుతావా? నువ్వు ఆడదానివేనా?"

వాకిట్లోకి నలుగురూ చేరారు. సుబ్బరావమ్మకి తల తిరిగిపోయింది. నా పిండిలో కారమా? ఆ పిల్లకి నేను కారం పెడతానా? మర సంగతి ఆమె బుర్రలోకి రానే లేదు. నోరు మాత్రం ముందే లేచింది.

"నేను కలిపానా? నేను తొలి నలుగు పెడితే చూడలేక నువ్వే కలిపి నా నెత్తిన రుద్దుతున్నావు! గిన్నె నీ ఇంట్లోకి వచ్చాకేగా మండింది!"

"కన్నతల్లిని నేను కలుపుతానా?"

"కలుపుతావు! నీ పగ నాకు తెలియదా!"

జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఏమో, కలిపిందేమో అన్నట్టు ఒకావిడ బుగ్గ నొక్కుకుంది. అది చూసి సుబ్బరావమ్మకి ఊపొచ్చింది. జ్యోతిర్మయి చేతిలో గిన్నె లాక్కుంది. "ఇంకా క్యాన్లో సగం పిండి ఉంది, చూడండి అందరూ!" అని లోపలికి పోయి క్యానూ, మిగిలిన పెరుగూ తెచ్చి, గుప్పెడు పొడి అందులో తడిపి, అందరి ముందూ తన మొహానికి మెత్తేసుకుని గసగసా రుద్దింది.

రెండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత బుగ్గల మీద ఎవరో అట్లకాడ కాల్చి పెట్టినట్టయింది. కళ్ళల్లోకి పాకింది. అప్పుడు గుర్తొచ్చాయి, బాజీ మాట, జొన్నల బస్తా, తను తన్నిన తాపు. అయ్యో దేవుడా అనుకుంది. గొంతులోంచి కేక వస్తుంటే పళ్ళ మధ్య నొక్కేసింది. దీని ముందా? ఇది చూస్తుండగా తప్పయిందని చెప్పడమా? దానికంటే ఈ మొహం కాలిపోతే నయం.

"ఏమీ లేదు," అంది. "చల్లగా ఉంది."

జనంలో గొణుగుడు మొదలైంది. అందరి చూపులూ జ్యోతిర్మయి మీదికి తిరిగాయి. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒకడుగు వెనక్కి వేసింది. ఇన్నేళ్ళ పగలో ఆమెని అట్టా చూడ్డం సుబ్బరావమ్మకి అదే మొదటిసారి. కడుపు నిండాల్సింది. నిండలేదు.

శ్రీదివ్య తడి తువ్వాలు పక్కన పడేసి, తడుముకుంటూ గోడ దగ్గరికి వచ్చింది.

"నిజంగా చల్లగా ఉందా పెద్దమ్మా?"

"ఆఁ."

"నువ్వు నాకు అబద్ధం చెప్పవుగా."

సుబ్బరావమ్మ కళ్ళల్లోంచి ధారలు కడుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యెత్తలేదు, ఎత్తితే దొరికిపోతానని.

"అయితే నేనే సరిగా రుద్దుకోలేదేమో," అంది శ్రీదివ్య. "నీ చేత్తో నువ్వే పెట్టు. నువ్వు పెడితే మండదు." అని కందిపోయిన మొహాన్ని గోడ మీదుగా ముందుకి చాపి నిలబడింది.

"ఒసేయ్, వద్దే!" అని జ్యోతిర్మయి చెయ్యి పట్టి లాగింది. పిల్ల కదలలేదు.

సుబ్బరావమ్మ వేళ్ళకి పిండి ఉంది. చంకలో పెట్టుకుని పెంచిన పిల్ల మొహం జానెడు దూరంలో ఉంది. కింది పెదవి వణుకుతోంది ఆ పిల్లకి, అయినా మొహం వెనక్కి తీసుకోలేదు.

సుబ్బరావమ్మ గిన్నె ఎత్తి నేలకేసి కొట్టింది. క్యాను కూడా కాలవలో గుమ్మరించింది.

"నాదే తప్పు!" అని అరిచింది. తప్పు ఒప్పుకునేటప్పుడు కూడా ఆమెకి అరవడమే వచ్చు. "కారం దిగిన మరలో పోయించా. దాణా ముందు పొయ్యాలని బాజీ మొత్తుకున్నాడు. మీ అమ్మ బస్తా ముందుంటే ఓర్చలేక తన్ని అవతల పెట్టించా. మండుతోందే తల్లీ, నాకూ మండిపోతోంది. మీ అమ్మ ఏం కలపలేదు."

జ్యోతిర్మయి గిరుక్కున తిరిగి లోపలికి పోయి, పెద్ద గిన్నెతో మజ్జిగ తెచ్చి కూతురి మొహాన పోసి, కొబ్బరినూనె రాసింది. మిగిలిన మజ్జిగ సుబ్బరావమ్మ చేతికివ్వలేదు. ఠక్కున గోడ మీద పెట్టి, "తీసుకొమ్మను. చస్తే నా పిల్ల పెళ్ళికి మైల," అంది పక్కావిడతో.

సుబ్బరావమ్మ ఆ మజ్జిగే మొహాన పోసుకుంది. కళ్ళు తెరిచేసరికి శ్రీదివ్య ఇంకా గోడ దగ్గరే నిలబడి ఉంది.

"మండినందుక్కాదు పెద్దమ్మా," అంది నెమ్మదిగా. "నేను అడిగినా అబద్ధమాడి ఆఁ అన్నావు చూడు, అందుకు. పెళ్ళికి రా. ముందు వరసలో కూర్చో. తొలి నలుగు మాత్రం అమ్మ పెడుతుంది."

ఊరంతటినీ కడిగి ఆరేసే నోరు అది. మజ్జిగ కారుతున్న గడ్డంతో ఊరికే తలూపింది.