తాళంచెవి అడగని మరిది

మధ్యాహ్నం గిన్నెలు తోమి బోర్లించాక నాకు ఇంకో పని కాచుకుని ఉండేది, విత్తనానికి వేరుశనగ కాయలు ఒలవడం. అది రెండువేల మూడు, మే నెల. బుక్కరాయసముద్రంలో మా నడింట్లో అత్తా, నేనూ, కూలికి వచ్చే కృపాకుమారీ కాయల కుప్ప చుట్టూ కూర్చుని, ఒంటిగంటన్నర సీరియల్ చూస్తూ ఒలిచేవాళ్లం. కథలో పడితే బొటనవేళ్ల మంట తెలిసేది కాదు.

ఆ వారం సీరియల్లో పెద్దకోడలి మీద నింద పడింది. తాళాల గుత్తి ఆమె నడుముకే ఉంటుంది కాబట్టి, బీరువాలో ఆస్తి కాగితాలు మాయం చేసింది ఆమేనని ఇంటిల్లిపాదీ తేల్చారు. అనంతపురం ఆఫీసు నుంచి భోజనానికొచ్చిన మా ఆయన లక్ష్మీపతి, రాసినవాడి బుర్రే బుర్ర అని మెచ్చుకున్నాడు.

కృపాకుమారి కాయ చిదుముతూ అడిగింది. "ఆ ఇంట్లో పదహారు మంది ఉండారు గదా సార్. వంట ఎవురు చేస్తాండారు? ఆ యమ్మ ఎప్పుడు చూసినా పట్టుచీర కట్టుకోని మెట్ల మీదనే ఉంటాది."

ఆయన నవ్వి, కాయలొలిచేవాళ్లకు కథల్లో తప్పులు పట్టే పనెందుకని పక్కగదిలోకి పోయి పడుకున్నాడు. నేనూ నవ్వాను. ఆయన నవ్వితే నవ్వడం నాకప్పటికి పన్నెండేళ్ల అలవాటు. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నాలుగేళ్లుగా ఆ సీరియల్ చూస్తున్నాను, ఆ ఇంట్లో పొయ్యి ఎక్కడుందో నాకు తెలియదు. పొద్దున్నుంచి పొయ్యి దగ్గరే ఉండే నాకు ఆ సంగతి తోచనే లేదు!

మర్నాడూ ఆయన తిని పక్కగదిలో పడుకున్నాడు. సీరియల్లో కోడలిని ఇంట్లోంచి పొమ్మంటుండగా కరెంటు పోయింది. అత్త ఉసూరుమంది. తర్వాత ఏమవుతుందో చెప్పమని కృపాకుమారిని ఊరికే అడిగాను.

ఆమె చేతులాపకుండానే చెప్పింది. కోడలు ఎక్కడికీ పోలేదు. తాళాలు కొంగులో దాచుకుని వంటింటి గడపలో కూర్చుంది. పొయ్యి ముట్టించలేదు. ఆ రోజే ఇంటిల్లిపాదీ పెళ్లికి పోవాలి, మంచి బట్టలన్నీ బీరువాలో ఉన్నాయి. మామ వచ్చి మందుబిళ్లలెక్కడని అడిగాడు, తాళంచెవి ఎక్కడని అడిగాడు. తోడికోడలు అడిగింది. నింద వేసిన అత్త కూడా వచ్చి అడిగింది. ఆ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో ఆమెకు తప్ప ఒక్కరికీ తెలియదు. ఆమె ఎవరికీ బదులు చెప్పలేదు, ఒక్కొక్కరినే చూస్తూ ఉంది.

"కడాకు మరిది వచ్చినాడు. బీరువాలో ఉండాల్సిన పట్టుపంచె కట్టుకోని వచ్చినాడు. తాళంచెవి అడగలేదు" అంది కృపాకుమారి.

మా చేతులు ఎప్పుడు ఆగిపోయాయో తెలియదు. దొంగ దగ్గర మారుతాళం ఉందని ఆమె చెప్పనక్కర్లేకపోయింది. అయిదో తరగతితో బడి మానేసిన మనిషి, ఎండకు కమిలిన మొహం, కొంగు నిండా కాయల దుమ్ము. ఇంత కథ ఆమెలో ఎక్కడుంది? మరుసటి రోజు సీరియల్లో కోడలు మూర్ఛపోయి గతం మరిచిపోయింది. "నిన్న కృప చెప్పిందే బాగుండె" అంది అత్త. పరాయి మనిషిని ఆమె మెచ్చుకోగా వినడం నాకు అదే మొదలు.

ఆదివారం సాయంత్రం మా ఆయన స్నేహితుడు నరసింహప్ప వచ్చాడు. సీరియల్ మాటొచ్చింది. ఈయన కుర్చీలో వెనక్కి వాలి, తానైతే ఇట్లా రాస్తానని, గడపలో కోడలిని, పట్టుపంచె మరిదిని పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆ రోజు పక్కగదిలో నిద్రపోలేదన్నమాట. నరసింహప్ప తొడ చరిచి, ఈ తలకాయ ఆఫీసులో వృథా అయిపోతోందన్నాడు. ఆయన కాదనలేదు.

టీ గ్లాసులు బల్ల మీద పెట్టాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అది కృపాకుమారి కట్టిన కథ, అన్నా. మాతో కాయలొలుస్తాదే, ఆ యమ్మ."

నరసింహప్ప గ్లాసు వైపు చూశాడు. మా ఆయన నా వైపు చూశాడు. "ఎవురు చెప్తే ఏమే?" అన్నాడు. ఎవరు చెప్పారన్నదే ముఖ్యమని నాకు అప్పుడు తెలిసింది.

మర్నాడు మధ్యాహ్నం టీవీ పెట్టలేదు. మా పాప పాత నోటుబుక్కులో మిగిలిన కాగితాలు చించి కుట్టి తెచ్చాను. ఇంటరు పరీక్షల తర్వాత నేను ఒక పేజీ నిండా రాసింది లేదు. పైన కృపాకుమారి పేరు రాసి, మళ్లీ మొదట్నుంచి చెప్పమన్నాను. అత్త కాయల చాట తన ముందుకు లాక్కుని, "రాసుకోపో, నేనొలుస్తా" అంది.

ఒక పేజీ అయ్యాక కృపాకుమారి చేతులు తుడుచుకుని కాగితం అందుకుంది. ప్రతి ఆదివారం బైబిలు చదివే మనిషి, వేలు పెట్టి నిదానంగా చదివింది. ఒకచోట వేలు ఆగింది.

"హేమమ్మా, 'గడపలో కూర్చుని ఏడ్చింది' అని రాసినావే. ఏడ్చిందని నేను యాడ చెప్పినా?"

వెతికాను. ఆమె చెప్పలేదు. నా చెయ్యే రాసింది.

"కొట్టెయ్" అంది. కొట్టేశాను.