ఆల్బమ్‌లో పట్టని మనిషి

స్టేషనరీ కొట్టు బాబాయి పొద్దున్నే షట్టర్ ఎత్తి, గాజు బీరువా తుడిచి, ఆల్బమ్ అడిగినవాళ్లకి ముందుగా ఒకటే ప్రశ్న వేస్తాడు. "పెరిగే ఫోటోలా, ఆగిపోయినవా?"

బతికున్నవాళ్ల ఫోటోలు నెలకి గోరంత పెరుగుతాయి కదా, వాటికి పెద్ద పేజీలది కావాలి. ముసలి దర్జీ ఫోటోకి గోడ చాలక కొసని తలుపు మీదికి మడిచారు. పోయినవాళ్లకైతే కొలతకి కుట్టిన చిన్నది చాలు. పెద్దదానికి లాభం ఎక్కువ కాబట్టి, ఎవరు పోయారన్నా బాబాయి ఓ పట్టాన నమ్మడు.

బేకరీ వదిన చిన్నదే అడిగింది. మొగుడు పనిచేసే ఓడ మునిగిందని, ఎవరూ మిగల్లేదని కంపెనీ కబురు పెట్టింది. ఆయన ఫోటో చుట్టూ రంగు కాగితాలూ టికెట్టు ముక్కలూ అతికించి సంతాపసభలో పెట్టాలని ఆడపడుచు పట్టుబట్టింది. ఆ పిల్లకి ఏడుపుకన్నా ఏర్పాట్లు బాగా వచ్చు.

కొన్నాళ్లకి వదిన ఆల్బమ్ వెనక్కి తెచ్చింది.

"ఇది కుంచించుకుపోతోంది బాబాయ్. మొన్న పట్టిన ఫోటో ఇవాళ బయటికొచ్చింది."

"చలికి అట్ట బిగుసుకుందేమోనమ్మా," అని ఇంకోటి ఇచ్చాడు.

అదీ అంతే. వీధంతా బాబాయిని తిట్టింది. మంగలి జిగురుదే తప్పన్నాడు. మాస్టారు వదిన కళ్లదే తప్పన్నారు. ఆయన ఫోటో చూడకుండానే అన్నారు, అది ఆయన పద్ధతి.

"అంచు కత్తిరించెయ్ వదినా. అన్నయ్య ఏమీ అనుకోడు," అంది ఆడపడుచు.

వదిన కత్తెర ఫోటోలో ఆయన భుజం దాకా తెచ్చి ఆగిపోయింది. ఎందుకో తనకే తెలీలేదు. ఫోటో పట్టుకుని మళ్లీ కొట్టుకొచ్చింది, ఆడపడుచు వెనకే.

బాబాయి ముందు ఆల్బమ్ కొలిచాడు. తర్వాత ఫోటో కొలిచాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆల్బమ్ బాగానే ఉందమ్మా."

ఫోటో అంచు మీద వేలు పెట్టి చూపించాడు.

"మరి నేను హాలు మాట్లాడేశానే," అంది ఆడపడుచు.

వదిన అటునుంచి అటే రేవు ఆఫీసుకి నడిచింది. గుమస్తా సంతకం కోసం మరణపత్రం ముందుకు తోశాడు. వదిన దాని మీదే ఫోటో పరిచింది. గుమస్తా స్కేలు పెట్టి చూసి, వెతకడం మానేసిన పడవల్ని మళ్లీ పంపమని ఫోను ఎత్తాడు. మధ్యలో ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి అడిగాడు.

"ఆయనకి ఈత వచ్చా?"

వదిన ఫోటోకేసి చాలాసేపు చూసింది.

"ఏమోనండీ, ఎప్పుడూ అడగలేదు."