నేను చావాల్సిన షాటు

మా బావమరిది కనిపించిన ప్రతివాడికీ చెప్పుకుంటున్నాడు, వాడి సినిమా నా వల్లే నాశనమైందని. "రెండు నిమిషాలు చచ్చినట్టు పడుండమంటే మా బావ పడుండలేకపోయాడు" అంటాడట. వినేవాళ్లు నవ్వుతున్నారు. నా వైపు సంగతి వాడు చెప్పడు కాబట్టి నేనే చెప్పుకోవాలి.

వాణ్ణి ఇంట్లో అందరం డైరెక్టరు అంటాం. తీసిన సినిమా ఒక్కటీ లేదు. ఎవరో పోటీ పెట్టారు. శనివారం పొద్దున విషయం చెబుతారు, ఆదివారం సాయంత్రం ఆరింటికల్లా చిన్న సినిమా తీసి పంపాలి. వీడూ, పెళ్లిళ్లకు ఫొటోలు తీసే వీడి స్నేహితుడూ (వాణ్ణి లెన్సు అంటాం), వీడి అక్క అంటే మా ఆవిడా, నేనూ ఒక జట్టు. ఎవరి పెత్తనమూ ఉండకూడదని, ప్రతిదీ చేతులెత్తి తేల్చాలని నియమం పెట్టుకున్నారు. ఖర్మకాలి ఆ నియమానికి నేనూ చెయ్యెత్తాను.

నేను కర్టెన్లు కుడతాను. ఆ వారం నా కొట్లో నాటకాల హాలు వాళ్ల ముదురెరుపు వెల్వెట్ ఉంది. స్టేజి తెర. సోమవారం అప్పగించాలి. నచ్చితే హాలు పనంతా ఏటేటా నాకే ఇస్తానన్నాడు మేనేజరు. ఆ పని వస్తే కొట్టు గది నాకే అద్దెకు ఉంచుతానని, రాకపోతే పక్కనున్న మందుల షాపువాడికి ఇచ్చేస్తానని గది యజమాని తేల్చి చెప్పాడు. ఈ సంగతి ఆ ముగ్గురికీ తెలుసు.

పోటీవాళ్లు ఇచ్చిన విషయం "ఆలస్యం". కథ మా ఆవిడ చెప్పింది. రాత్రి మొగుడు నిద్రలోనే పోతాడు. అది తెలియక పెళ్లాం పక్కన కూర్చుని, ఎన్నాళ్లుగానో అడగాలనుకున్నవన్నీ అడుగుతుంది.

"మొగుడెవరు?" అన్నాను.

"డైలాగు లేని వేషం బావా. నీకోసమే పుట్టింది" అన్నాడు డైరెక్టరు.

నా కొట్లోనే మంచం వేశారు. శనివారమంతా వాదనలతో పోయింది. టీ గ్లాసు మంచానికి ఏ పక్క పెట్టాలన్నదానికీ ఓటే. ఆదివారం మధ్యాహ్నం దాటేసరికి అసలు షాటు మిగిలిపోయింది, రాత్రి షాటు. బయట ఎండ మండిపోతోంది. చీకటి పడేదాకా ఆగితే పోటీ అయిపోతుంది.

లెన్సు కిటికీలకేసి చూశాడు, ఆ తర్వాత నా బల్లకేసి. "మాస్టారూ, ఆ గుడ్డ అడ్డం కడితే లోపల అమావాస్యే."

"దాన్ని ముట్టుకున్నావంటే చేతులు విరుగుతాయి."

"ఓటేద్దాం" అన్నాడు డైరెక్టరు.

మూడు చేతులు లేచాయి. వాటిలో ఒకటి మా ఆవిడది.

"అరగంటే కదండీ" అంది. "నలగకుండా మీరే కట్టండి."

నేనే కట్టాను. ఇంకొకరు ముట్టుకుంటే వెల్వెట్ నూగు అడ్డదిడ్డంగా అణిగిపోతుంది. మేకులు కొట్టనివ్వలేదు, క్లిప్పులు పెట్టాను, అంచు నేలకు తగలకుండా పైకి మడిచాను. గది చీకటైంది. ఆ చీకట్లో నా మొహం కనబడాలని లెన్సు పెళ్లిళ్ల లైటొకటి తెచ్చి నా తల వెనక, తెరను ఆనుకున్నట్టే పెట్టాడు.

"కాస్త జరపవయ్యా."

"జరిపితే లైటు కూడా సినిమాలో పడుతుంది మాస్టారూ. మీరు పోయారు, మాట్లాడకండి."

రెండు టేకులు చెడిపోయాయి. ఒకసారి నేను తుమ్మాను, ఒకసారి లారీ హారను. మూడోసారి మా ఆవిడ ముందు అనుకున్న డైలాగులు పక్కన పెట్టి సొంత మాటలు ఎత్తుకుంది.

"మీరు ఈ గదిని చూసుకున్నట్టు నన్నెప్పుడైనా చూశారా?" అంది. "దీనికి తాళం వేసి రెండుసార్లు లాగి చూస్తారు. నాకు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వెయ్యలేదు. నేను మాట్లాడుతుంటే ఎప్పుడూ మిషను ఆపలేదు. ఇవాళ ఆపారు. ఇవాళైనా వింటున్నారా?"

కళ్లు మూసుకుని వింటున్నాను. నటిస్తోందో లేదో అర్థం కాలేదు. అప్పుడు వాసన వచ్చింది. గుడ్డ కాలే వాసన కాదు, కరిగే వాసన. ఆవిడ మాట పూర్తి కానిద్దామనుకున్నాను. ఇంకొక్క మాట. ఇంకొక్కటి. ఇక ఆగలేక లేచి "తెర" అని అరిచాను.

శవం లేచి కూర్చుంటే పెళ్లాం జడుసుకోవాలి. మా ఆవిడ జడుసుకోలేదు. "తెలుసు, మీరు దానికోసమే లేస్తారని" అంది మెల్లగా.

లెన్సు లైటు లాగేశాడు. వెల్వెట్ మీద అరచేతి వెడల్పున నూగు కరిగి నల్లగా గట్టిపడింది.

"ఇంకో పది సెకన్లు బావా. పది సెకన్లు చావలేకపోయావా" అన్నాడు డైరెక్టరు. మళ్లీ తీద్దామని వాడొక్కడే చెయ్యెత్తాడు. ఆ మాటలు మళ్లీ రావని చెప్పి మా ఆవిడ ఇంటికెళ్లిపోయింది. ఆరు దాటిపోయింది. సినిమా లేదు.

అతుకు వేద్దామని బట్టల దుకాణాలన్నీ తిరిగాను. ఆ తాను అయిపోయింది. వేరే తానులోంచి అదే ఎరుపు తెచ్చి పక్కన పెట్టినా రంగు కలవదు. సోమవారం మేనేజరు తెర మీద చెయ్యి పోనిస్తూ వచ్చి, అక్కడ ఆగాడు.

"లైట్లు వేస్తే జనానికి ఇదొక్కటే కనబడుతుంది మాస్టారూ" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బతిమాలుకునేవాణ్ణి. గది యజమాని కూడా తిట్టలేదు, తాళంచెవి కోసం చెయ్యి చాపాడు.

మిషను విప్పి ఇంట్లో మంచం కింద పెట్టాను. మా ఆవిడ ఆ రోజు అడిగినవేవీ మళ్లీ అడగలేదు. అడిగితే వినడానికి నేను ఖాళీగానే ఉన్నాను. డైరెక్టరు వచ్చే పోటీకి జట్టు కడుతున్నాడట.

నాకు పోయింది పది అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవు, రోడ్డు వైపు రెండు కిటికీలు.