నూకరత్నం గొంతు చూసిన అద్దం

నేను ఒక అద్దాన్ని. పావలా బిళ్లంత ముఖం, జానెడు ఉక్కు కాడ. నన్ను చూసి ఎవరూ బొట్టు దిద్దుకోరు. స్పిరిట్ దీపం మీద వెచ్చబెట్టి, చేతికి ఆనించి వేడి చూసుకుని, నన్ను రోగి గొంతులోకి పంపుతారు. చల్లగా వెళితే ఊపిరి తగిలి మసకబారిపోతాను. ఒక పెద్ద డాక్టరు దగ్గర ఇరవై ఏళ్లు చేశాను. ఆయన పోతూ పోతూ నన్ను శిష్యురాలు హైమవతికి ఇచ్చాడు. ఊరంతటినీ గడగడలాడించి, నన్ను చూడగానే బిక్కచచ్చిపోయే మగవాళ్లంటే నాకు మహా సరదా.

నూకరత్నం అలా బెదరలేదు. ఆవిడ విశాఖ చేపల రేవులో చేపలు చూపించి, ధరలు అరుస్తూ వేలం పాడే మనిషి. మూడు నెలలుగా గొంతు బొంగురుపోయింది. అరిచి అరిచి పాడుచేసుకుందని రేవంతా తేల్చేసింది. మిరియాల కషాయం, తాటికలకండ అయ్యాక తోటికోడలు నలభై రోజుల మౌనం పట్టించింది. నోరు మూసుకుంటే నయమవుతుందని ఆడవాళ్లకి మీ మనుషులు భలే తొందరగా చెబుతారు. మౌనం ముగిసినా గొంతు రాలేదు. ఈలోగా ఆవిడ చోట ఇంకొకరు పాడుతున్నారు.

"గొంతే నా బతుకమ్మా. అది పోనాక నానేటి సేసేది?" అంది గుసగుసగా.

హైమవతి నన్ను ఆవిడ గొంతులోకి పంపి "ఈ" అనమంది. కుడి స్వరతంత్రి చురుగ్గా కదిలింది. ఎడమది కదల్లేదు. పుండు లేదు, కంతి లేదు. ఉన్నది ఉన్నట్టు చూపించాను. హైమవతి నన్ను పక్కన పెట్టి స్టెతస్కోపు అందుకుంది. మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అని అడిగింది. వస్తుందట, వయసు అనుకుందట.

"జబ్బు గొంతులో లేదమ్మా, గుండెలో ఉంది. కవాటం బిగుసుకుపోయి గుండె గది ఉబ్బినట్టుంది. గొంతుకి వెళ్లే నరం ఆ పక్కనుంచే వస్తుంది, అది నలుగుతోంది. ఆపరేషను పడొచ్చు."

గొంతు కోసం వస్తే గుండె కోస్తారా అని వెంట వచ్చిన తోటికోడలు మండిపడింది. స్కానింగు హైమవతి మాటే చెప్పింది. నూకరత్నం ఒప్పుకుంది. కవాటం మార్చారు.

ఐదు నెలలకి మళ్లీ వచ్చి "ఈ" అంది. ఎడమ తంత్రి వణికింది, జరిగింది, కుడిదాన్ని తాకింది. డాక్టరు కన్నా ముందు చూసింది నేనే. గర్వంగానే చెబుతున్నాను.

హైమవతి ఏదైనా మాట్లాడమంది. నూకరత్నం ఆమె చేతిలోంచి నన్ను లాక్కుని పైకెత్తింది.

"గొంతులో దూరి గుండెజబ్బుని పట్టేసిన అద్దం! పాటెంత? సెప్పండి! ఒకటోసారి!"

వరండాలో రోగులు లేచి నిలబడ్డారు. చీటీల కిటికీ దగ్గర ఎవరో నిజంగానే ఓ ధర పాడారు. హైమవతి నవ్వుతూ, అది అమ్మేది కాదని రెండుసార్లు చెప్పింది. నూకరత్నం గొంతు ముందు ఆ మాట ఎవరికీ వినపడలేదు.